పురిటింటి గడప దాటిన పరిచర్య

పరిచర్య అనే మాట తెలుగు క్రైస్తవ సంఘాలలో రెండు అర్థాలలో వినిపిస్తుంది. దేవుని వాక్యాన్ని బోధించడం, సంఘాన్ని నడపడం ఒక అర్థమైతే, రోగి మంచం పక్కన, ఆకలిగొన్నవారి వాకిట, దిక్కులేనివారి గుడిసెలో చేసే సేవ రెండవ అర్థం. ఈ రెండవ రకపు పరిచర్యకు భారతదేశంలో అన్నిటికన్నా కఠినమైన పరీక్ష పెట్టిన చోటు పురిటిగది. ఆ గదిలోకి మగవాడు రాకూడదు, పరాయివాడు రాకూడదు, మైల భయంతో అయినవారు కూడా గడప అవతలే ఉండిపోతారు. లోపల నొప్పులు పడుతున్న మనిషి పేదరాలైతే ఆమె ఒంట్లో నెత్తురు అంతకు ముందే తక్కువ, ఇంట్లో డబ్బు అంతకన్నా తక్కువ, ఆసుపత్రి ఎంతో దూరం. క్రైస్తవ వైద్య పరిచర్య ఆ గడప దాకా ఎలా వచ్చింది, వచ్చి కూడా నిరుపేద చూలాలిని ఎందుకు అందుకోలేకపోయింది, చివరికి మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ అనే కరవు ప్రాంతపు ఊళ్లో ఏ దారి కనిపెట్టింది అన్నవి ఈ ప్రసంగం పరిశీలించే విషయాలు.

వైద్య పరిభాషలో మాతృమరణం అంటే, స్త్రీ గర్భంతో ఉన్నప్పుడు గాని, ఆ గర్భం ముగిసిన 42 రోజుల లోపల గాని, గర్భానికి సంబంధించిన కారణం వల్ల మరణించడం. లక్ష సజీవ జననాలకు ఇటువంటి మరణాలు ఎన్ని అని చెప్పే లెక్కకు మాతృమరణాల నిష్పత్తి అని పేరు. కాన్పు తరువాత ఆగని రక్తస్రావం, రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే గుర్రపువాతం, శుభ్రత లోపించడం వల్ల పుట్టే పురిటి జ్వరం, బిడ్డ అడ్డం తిరిగి కాన్పు ఆగిపోవడం వంటివి ముఖ్య కారణాలు కాగా, వీటన్నిటి వెనుక నిలిచి వీటి బలాన్ని పెంచేది రక్తహీనత. వీటిలో ఏదీ చికిత్సకు లొంగనిది కాదు. అయితే తీవ్రమైన రక్తస్రావం మొదలైన స్త్రీ రెండు మూడు గంటలలోనే చనిపోవచ్చు గనుక, చికిత్స ఉండటం కన్నా అది సమయానికి అందడం ముఖ్యం. ప్రజారోగ్య శాస్త్రజ్ఞులు 1990ల నుంచి దీనిని మూడు ఆలస్యాలుగా వివరిస్తున్నారు: ఇది ప్రమాదమని ఇంటివారు గుర్తించి బయలుదేరడానికి పట్టే ఆలస్యం, ఆసుపత్రి చేరడానికి పట్టే ఆలస్యం, చేరిన తరువాత తగిన వైద్యం మొదలుకావడానికి పట్టే ఆలస్యం. ఆసుపత్రులు కట్టేవారికి మూడవ ఆలస్యం బాగా కనిపిస్తుంది, రోడ్లు వేసేవారికి రెండవది కనిపిస్తుంది. మొదటిది మాత్రం ఇంటి లోపల, అత్తగారి మాటలో, భర్త జేబులో, చూలాలి మౌనంలో దాగి ఉంటుంది.

గర్భిణుల సేవకు క్రైస్తవులు తమ వేదగ్రంథంలోనే ఆధారం చూసుకుంటారు. నిర్గమకాండము తొలి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు, హెబ్రీయుల మగశిశువులను చంపమన్న ఫరో ఆజ్ఞను ధిక్కరించి ఆ పసివారిని బ్రతకనిచ్చారు. లూకా సువార్తలో గర్భవతి అయిన మరియ కొండసీమలోని ఎలీసబెతు ఇంటికి వెళ్లి దాదాపు మూడు నెలలు ఆమె దగ్గర ఉండటం, తరువాత సత్రంలో చోటు దొరకక పసికందును పశువుల తొట్టిలో పరుండబెట్టవలసి రావడం ప్రతి క్రిస్మస్‌కూ సంఘాలలో తలచుకునే ఘట్టాలే. ఈ కథలలో ఒక విశేషం ఉంది: గర్భిణికి తోడు నిలిచినవారు రాజులూ కారు, యాజకులూ కారు, ఆమె వంటి సామాన్య స్త్రీలే. పరిచర్య చరిత్ర ఈ విశేషాన్ని గ్రహించడానికి చాలా కాలం పట్టింది.

భారతదేశంలో ఈ చరిత్రను చెప్పేవారందరూ వేలూరును తలుస్తారు. అమెరికన్ మిషనరీ వైద్యుల కుటుంబంలో 1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్, మిషనరీ కావాలన్న కోరిక లేకుండానే, జబ్బుపడిన తల్లికి సాయంగా 1890లో తిండివనం వచ్చింది. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు భర్తలు, ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో అగ్రకులస్థుడు, ప్రసవ కష్టంలో ఉన్న తమ భార్యలకు సాయం చేయమని ఆమెను అడిగారు. ఆమెకు వైద్యం రాదు, వైద్యుడైన తండ్రిని పంపుతానంటే పరాయి మగవాడు తమ స్త్రీలను చూడటం వారికి సమ్మతం కాలేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఐడా అమెరికా వెళ్లి కార్నెల్ వైద్య కళాశాలలో చదివి 1899లో పట్టా పొంది, 1900లో తిరిగి వచ్చి, 1902లో వేలూరులో నలభై పడకల స్త్రీల ఆసుపత్రి తెరిచింది. 1918లో స్త్రీల కోసమే వైద్య పాఠశాల ప్రారంభించింది. అదే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. వేలూరు ఆనాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది; 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ప్రాంతం కూడా ఆ జిల్లాలోనిదే. చిత్తూరు సీమ తెలుగువారికి ఈనాటికీ వేలూరు ఆసుపత్రి పరాయి రాష్ట్రంలో ఉన్నట్టు అనిపించకపోవడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం.

తెలుగునాట ఇదే పని అంతకు ముందే మొదలైంది. 1842లో లూథరన్ మిషన్ నెలకొన్న గుంటూరుకు, పెన్సిల్వేనియాలో వైద్యం చదివిన అన్నా సారా కుగ్లర్ 1883లో వచ్చింది. ఆమెను పంపినవారు మొదట ఆమెకు అప్పగించినది వైద్యం కాదు, జెనానా పని. గోషా పాటించే ఇళ్లలో స్త్రీలు ఉండే లోపలి భాగాన్ని జెనానా అంటారు; అక్కడికి వెళ్లి స్త్రీలకు చదువు, కుట్టుపని, వాక్యం నేర్పడం జెనానా పని. అయితే ఇళ్ల లోపల జబ్బుతో ఉన్న స్త్రీలు కనిపిస్తుంటే వైద్యురాలు ఊరుకోలేకపోయింది. కొద్ది ఏళ్లలో మందులిచ్చే డిస్పెన్సరీ, 1898లో పూర్తి ఆసుపత్రి ఏర్పడ్డాయి. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరే స్థిరపడి గుంటూరు వారికి అది కుగ్లర్ ఆసుపత్రి అయింది. పురుష వైద్యుని నీడ కూడా పడకూడదన్న ఇళ్లలోకి ఒక స్త్రీ వైద్యపు పెట్టెతో అడుగుపెట్టడం ఆ కాలానికి చిన్న మార్పు కాదు, దానిని ఈనాటి కొలతలతో తక్కువ చేయడం న్యాయమూ కాదు.

అయినా ఒక సత్యాన్ని దాచకూడదు. తిండివనంలో తలుపు తట్టిన ముగ్గురు భర్తలు పేదవారు కారు. వారి భార్యలను చంపినది లేమి కాదు, గోషా. స్త్రీ వైద్యురాలు దొరికితే ఆ అడ్డంకి తొలగిపోతుంది. పొలంలో కలుపు తీస్తూ నెలలు నిండే దళిత స్త్రీకి గోషా లేదు, ఆమెను ఎవరైనా చూడవచ్చు; అయితే ఆమెను చూడటానికి ఎవరూ రారు. ఐడా స్కడర్ ఈ సంగతి గ్రహించే, వేలూరు చుట్టుపక్కల ఊళ్లకు బండి మీద, తరువాత మోటారు మీద వెళ్లి చెట్ల నీడన రోడ్డు పక్క వైద్యశాలలు నడిపింది. వాటివల్ల పుండ్లు మానాయి, జ్వరాలు తగ్గాయి. కాని కాన్పు రోడ్డు పక్కకు రాదు. అది అర్ధరాత్రి, గుడిసెలో, తన వేళకు వస్తుంది. ఆ వేళకు అక్కడ ఉండే మనిషి ఒక్కతే, మంత్రసాని. తెలుగు పల్లెల్లో ఈ పని ఎక్కువగా మంగలి, మాదిగ కులాల స్త్రీల చేతిలో ఉండేది. బిడ్డను చేతులారా అందుకునే ఆమెను పురుడు ముగిశాక ఇంటి లోపలికి రానివ్వని ఊళ్లు ఎన్నో ఉండేవి. ఆసుపత్రి వైద్యం చాలా కాలం ఆమెను మురికికి, మూఢత్వానికి గుర్తుగా చూసిందే గాని, పని నేర్పదగిన మనిషిగా చూసిన సందర్భాలు తక్కువ.

ఆ చూపు మారిన చోటు జామ్‌ఖేడ్. రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు ఇద్దరూ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదివినవారే. 1960లో పెళ్లినాడే, తమ జీవితం పల్లె పేదలకే అని వారు ప్రతిన పూనారు. కొన్నేళ్లు ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసినప్పుడు వారికి తెలిసివచ్చినది ఏమిటంటే, ఆసుపత్రికి వచ్చే జబ్బులలో అధిక భాగం ఊళ్లోనే నివారించదగినవి, నయమై వెళ్లినవారే అదే జబ్బుతో మళ్లీ వస్తున్నారు, అందరికంటె పేదవారైతే అసలు రావడమే లేదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి వచ్చి, 1970లో, అహ్మద్‌నగర్ జిల్లాలో వానలు సరిగా పడని జామ్‌ఖేడ్ తాలూకాలో, పశువైద్యశాల వదిలేసిన పాత కట్టడంలో సమగ్ర గ్రామీణ ఆరోగ్య ప్రణాళికను ప్రారంభించారు.

మొదట వారు చేసిన పని అందరూ చేసేదే: శిక్షణ పొందిన నర్సులను ఊళ్లకు పంపారు. ఆ నర్సులు పట్నం పిల్లలు, ఒంటరిగా ఊళ్లో ఉండటం వారికి కష్టం, ఊరి స్త్రీలు వారి మాట వింటారే గాని నమ్మరు. అప్పుడు పుట్టిన ఆలోచన, ఊరే తన మనిషిని ఎన్నుకోవాలి, ఆ మనిషి ఆ ఊరి కోడలో, విధవో, భర్త వదిలేసినదో అయినా సరే, ఆమెకే విద్య అప్పగించాలి అన్నది. అలా ఎన్నికైన గ్రామ ఆరోగ్య కార్యకర్తలలో చాలామంది అక్షరం రానివారు, దళితులు. వారు వారం వారం జామ్‌ఖేడ్ కేంద్రానికి వచ్చి, కులభేదం లేకుండా ఒకచోట తిని, ఒకచోట పడుకుని, ఆ వారం తమ ఊళ్లో చూసినది చెప్పుకుని, ఒక్కొక్క సంగతి నేర్చుకుని వెళ్లేవారు. రాత రాకపోవడం నేర్చుకోవడానికి అడ్డం కాలేదు. పాటలుగా, బొమ్మలుగా, చేతి కొలతలుగా నేర్చుకున్నది మరచిపోలేదు. తమ విద్య చుట్టూ వైద్యులే కట్టుకున్న కంచెను తామే తీయడం ఎంత కష్టమో వైద్యవృత్తిలో ఉన్నవారికి తెలుస్తుంది. అందుచేత అరోలే దంపతుల ప్రతిభ శస్త్రచికిత్సలో కన్నా ఈ కంచె తీయడంలోనే ఎక్కువగా ఉందని చెప్పడం అతిశయోక్తి కాదు.

చూలాలి విషయంలో ఆ కార్యకర్త చేసిన పని వివరంగా చూడదగినది. తిండి ఎక్కువైతే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందన్న భయంతో గర్భిణులు ఆ పల్లెల్లో తిండి తగ్గించుకునేవారు. బిడ్డ చిన్నగా పుడితే తల్లి బ్రతుకుతుందన్న ఆ ఆశలో, ఆపరేషన్ దొరకని చోట, తెలివి లేకపోలేదు. కాని దానివల్ల నెత్తురు లేని తల్లికి బలం లేని బిడ్డ పుట్టేది. బయటి నుంచి వచ్చిన వైద్యుడు తినమని చెబితే అత్తగారు తల ఊపి ఊరుకుంటుంది. తన గర్భంలో తిని, గట్టి బిడ్డను కని చూపించిన ఇరుగుపొరుగు ఆడది చెబితే ఆ మాటకు బరువు వేరు. కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఎవరు నెల తప్పారో ముందుగానే తెలుసుకునేది, ధనుర్వాతం రాకుండా సూది వేయించేది, కాళ్లవాపు, తలనొప్పి, కళ్లు మసకలు వంటి గుర్రపువాతపు ముందుగుర్తులను కనిపెట్టేది, కడుపు తడిమి బిడ్డ తల ఎటు ఉందో చూసేది. కాన్పు వేళ చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త బ్లేడుతో బొడ్డుతాడు కోసి, శుభ్రమైన దారంతో ముడివేసి, పారబోసే ఆచారం ఉన్న ముర్రుపాలను, అంటే కాన్పు కాగానే వచ్చే చిక్కని తొలిపాలను, బిడ్డకు పట్టించేది. పురిటి ధనుర్వాతం అనే వ్యాధి, కోసిన బొడ్డు ద్వారా పసికందుకు పాకి వారం రోజులలో ప్రాణం తీసేది, ఈ సబ్బుకు, ఈ బ్లేడుకు, తల్లికి వేసిన ఆ సూదికే లొంగింది.

ఆమె విద్యలో అన్నిటికన్నా విలువైన భాగం మాత్రం తన చేతిలో లేనిది ఏమిటో తెలుసుకోవడం. ఏ కాన్పు ఇంట్లో కావచ్చు, ఏది జామ్‌ఖేడ్ ఆసుపత్రికి వెళ్లాలి అని ఆమె ముందుగానే తేల్చగలిగేది గనుక, మూడు ఆలస్యాలలో మొదటిది, బయటివారెవరికీ చేతికి చిక్కనిది, ఆమె చేతిలో కరిగిపోయింది. ఈ ప్రాంతంలో సుమారు మూడు వేల కాన్పులను పరిశీలించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఆ కాన్పులలో అత్యధిక భాగం ఇళ్లలోనే జరిగాయి, ఆపరేషన్ అవసరమైనవి నూటికి రెండు మాత్రమే, అయినా తల్లుల మరణాలు దేశంలోని సగటు కన్నా ఎంతో తక్కువ. ప్రణాళిక లెక్కలలో 1971లో వెయ్యి జననాలకు 176గా ఉన్న శిశుమరణాలు పాతికేళ్లలో 30 కంటె దిగువకు వచ్చాయి. వీటిని వైద్యం ఒక్కటే సాధించలేదు. రైతు సంఘాలు, మహిళా మండళ్లు ఏర్పడ్డాయి, చేతిపంపులు పడ్డాయి. ఆ పంపులలో చాలా వాటిని దళితవాడలలో వేయించడం వల్ల మంచినీళ్లకు ఊరంతా వాడలోకి రావలసి వచ్చింది. తల్లి ప్రాణానికి, మంచినీళ్ల బిందెకు, అంటరానితనానికి ఉన్న సంబంధం ఏ వైద్య గ్రంథంలో కన్నా ఈ ఒక్క ఏర్పాటులో స్పష్టంగా కనిపిస్తుంది.

జామ్‌ఖేడ్ అనుభవం ప్రపంచానికి చేరిన మార్గం కూడా క్రైస్తవ సంస్థల ద్వారానే. ప్రపంచ చర్చిల మండలి 1968లో జెనీవాలో క్రిస్టియన్ మెడికల్ కమిషన్‌ను ఏర్పరచినప్పుడు దాని ముందున్న ప్రశ్న, మిషన్ ఆసుపత్రుల ఖర్చంతా కట్టడాలకే పోతుంటే చుట్టూ ఉన్న పేదలకు మిగిలేది ఏమిటి అన్నది. ఆ కమిషన్ జామ్‌ఖేడ్ వంటి ప్రయోగాలను ప్రచురించింది, అదే నగరంలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని గమనించింది, 1978లో ఆల్మా ఆటా సమావేశం ప్రాథమిక ఆరోగ్య రక్షణను ప్రపంచ దేశాల లక్ష్యంగా ప్రకటించినప్పుడు ఆ ఆలోచనలో ఈ అనుభవం కూడా కలిసింది. అరోలే దంపతులకు 1979లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊరికొక ఆశా కార్యకర్తను నియమించినప్పుడు, దేశంలో అంతకు ముందు జరిగిన ఇటువంటి ప్రయోగాలే దానికి దారి చూపాయి.

ఇక్కడ మతం ప్రశ్నను తప్పించుకోవడం నిజాయితీ అనిపించుకోదు. కుగ్లర్ తరం మిషనరీలు తమ వైద్యం సువార్త ప్రకటనలో భాగమని బాహాటంగానే చెప్పారు. డిస్పెన్సరీలలో మందుతో పాటు వాక్యం కూడా వినిపించేవారు. నొప్పులలో ఉన్న స్త్రీ ఎదిరించి మాట్లాడగల స్థితిలో ఉండదు గనుక, ఆ వేళ ఏ మతబోధ అయినా సరే ఆమె నిస్సహాయత మీద చేసే ఒత్తిడిగా మారే ప్రమాదం ఉంది, ఈ విమర్శలో న్యాయం ఉంది. జామ్‌ఖేడ్‌లో విశ్వాసం వైద్యుల జీవితానికి మూలంగా ఉంది గాని గర్భిణి చెల్లించవలసిన మూల్యంగా లేదు; కార్యకర్తలు తమ తమ మతాలలోనే ఉండి పనిచేశారు. మంచి సమరయుని ఉపమానంలో దెబ్బలు తిన్న మనిషిని ఎవరూ అతని మతం అడగలేదు, గాయాలు కట్టినవాడు తరువాత లెక్క అడగలేదు. పరిచర్యను ఆ ఉపమానానికి దగ్గరగా తెచ్చిన ఘనత అరోలే దంపతులకు దక్కుతుంది.

తెలుగు రాష్ట్రాలలో ఇప్పుడు దృశ్యం పూర్తిగా వేరు. 2018 నుంచి 2020 వరకు జరిగిన నమూనా నమోదు లెక్కల ప్రకారం దేశంలో మాతృమరణాల నిష్పత్తి 97 కాగా, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది ఎందరో ఆశా కార్యకర్తలు, నర్సులు, వైద్యులు కలిసి సాధించిన విజయం. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రెండు రాష్ట్రాలలోనూ నూటికి 96 కన్నా ఎక్కువ కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. అదే సర్వే చెప్పిన మరో సంగతి, తెలంగాణలో కాన్పులలో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతానికి పైగా సిజేరియన్ ఆపరేషన్లే కాగా దేశ సగటు 21.5 శాతం. రెండు రాష్ట్రాలలోనూ గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులు. పోల్చి చూస్తే ఒక చోట అక్షరం రాని కార్యకర్తల మధ్య ఆపరేషన్లు నూటికి రెండు, మరో చోట పెద్ద పెద్ద ఆసుపత్రుల మధ్య నూటికి అరవై. ఆ రెండు పూర్తిగా తక్కువ, ఈ అరవై పూర్తిగా ఎక్కువ అని ఒక్క మాటలో తీర్పు చెప్పడం తొందరపాటే అయినా, ముహూర్తాలకు, బిల్లులకు, నొప్పుల భయానికి కోత పెట్టడం తల్లి ఆరోగ్యానికి చేసే సేవ కాదని వైద్యులే అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ, అంటే సహజ కాన్పును ఓపికతో నడిపించే విద్య, నేర్పించడం మొదలుపెట్టడం ఈ పరిస్థితికి వెతికిన సమాధానాలలో ఒకటి.

ఆసుపత్రి చేరిన పేదరాలికి ఇప్పుడు లేనిది పడక కాదు, మందు కాదు, వాహనం కాదు. ప్రసవపు గదిలో ఆమె చేయి పట్టుకునే మనిషి. తల్లిని, అత్తను, అక్కను తలుపు అవతల నిలబెట్టి, నొప్పులతో అరిచిన చూలాలిని కసురుకునే గదులు ఇంకా ఉన్నాయి. ఆ కసురు వినవలసివచ్చేది ఎక్కువగా కూలి పనుల కుటుంబాల స్త్రీలే. ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణి తన వెంట ఒక తోడును లోపలికి తీసుకువెళ్లవచ్చని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లో అనుమతించింది. ప్రతి కాన్పులోనూ తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. జామ్‌ఖేడ్‌లో పొరుగింటి ఆడది గుడిసెలో కూర్చుని చేసినది ఇదే. సంఘాలలోని స్త్రీల సమాజాలు, నర్సింగ్ పాఠశాలలు నడిపే మిషన్ ఆసుపత్రులు తమ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఏ కులపు, ఏ మతపు చూలాలికైనా ఇటువంటి తోడుగా నిలబడదలిస్తే దానికి కొత్త కట్టడం కట్టనక్కరలేదు, విదేశీ నిధి రానక్కరలేదు. నాలుగు రోజుల శిక్షణ, ఆసుపత్రి అధికారి అనుమతి, రాత్రి వేళ పిలిచినా లేచి వెళ్లే ఇద్దరు ముగ్గురు స్త్రీలు చాలు.